జేబులో చాకు, చేతిలో పాస్‌పోర్టు: మీ ప్రయాణ చిట్కాకు ఒక సవరణ

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో విదేశాలకు వెళ్లేవాళ్లకు చిట్కాలంటూ ఒక పేజీ వేశారు. చాలావరకు బాగానే ఉంది. ఆవకాయ పెద్ద బ్యాగులో వేసుకోమన్నారు, పవర్ బ్యాంకు చేతి సంచిలోనే పెట్టుకోమన్నారు, మందుల చీటీ వెంట ఉంచుకోమన్నారు, వాటికి ఎవరూ కాదనరు. కానీ చివర్లో ఒక వాక్యం ఉంది చూడండి, బ్లేడు 6 సెంటీమీటర్లు దాటని మడత చాకును చేతి సంచిలో పెట్టుకుని విమానం ఎక్కొచ్చని, అది చదవగానే నాకు కాఫీ పొలమారింది. నేను కావలిలో టికెట్లు బుక్ చేసే చిన్న ఆఫీసు నడుపుతున్నాను. సోమవారం పొద్దున్నే వింజమూరు నుంచి కువైట్ టికెట్ కోసం వచ్చినాయన ఆ పేపరు ముక్క కత్తిరించుకుని మరీ తెచ్చాడు, "ఇదిగో అన్నా, పేపర్లోనే వేశారు, నువ్వేమో వద్దంటావు" అని. పేపర్లో అచ్చయిన మాట ముందు నా మాట ఏపాటిది? అందుకే ఈ ఉత్తరం.

ఆ 6 సెంటీమీటర్ల లెక్క మీవాళ్లు గాల్లోంచి తెచ్చింది కాదు, అది ఉన్నమాటే. యూరోపియన్ యూనియన్ దేశాల్లో చేతి సంచిలో నిషేధం ఉన్నది 6 సెంటీమీటర్లు దాటిన బ్లేడుకు. కెనడా వాళ్లు కూడా అంతర్జాతీయ ప్రమాణాలకు సరిపెట్టుకుంటున్నామని చెప్పి 2017 నవంబర్ 27 నుంచి 6 సెంటీమీటర్ల లోపు చాకులను లోపలికి రానిస్తున్నారు. అందులో కూడా మెలిక ఉంది, అమెరికా వెళ్లే విమానమైతే కుదరదు. బాక్స్ కట్టర్లు, గడ్డం గీసుకునే బ్లేడ్లు ఎంత చిన్నవైనా ఏ విమానంలోకీ రానివ్వరు. ఇవన్నీ వదిలేసి ఒక్క అంకె మాత్రం పట్టుకుని నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులకు చెప్తే ఎట్లా సార్? మనవాళ్లు విమానం ఎక్కేది టొరంటోలో కాదు, చెన్నై మీనంబాకంలో. ఇక్కడ పౌర విమానయాన భద్రతా విభాగం పెట్టిన నిషేధిత వస్తువుల జాబితాలో కత్తి కత్తే. చేతి సంచిలో కుదరదు, చెక్-ఇన్ లగేజీలో వేసుకోవచ్చు. అంతే. విమానాశ్రయంలో తనిఖీ చేసే సీఐఎస్ఎఫ్ జవాను ముందు స్కేలు తీసి కొలిచి చూపిస్తే వినే పరిస్థితి ఉండదు, వెనక క్యూలో వాళ్లు కూడా ఊరుకోరు.

అమెరికా సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మా ఆఫీసుకు వచ్చే పెద్దవాళ్లలో సగానికి సగం పిల్లల దగ్గరికి అక్కడికే పోతుంటారు. 2001 సెప్టెంబర్ 11కు ముందు అమెరికాలో 4 అంగుళాల లోపు చాకు జేబులో పెట్టుకుని నిక్షేపంగా విమానం ఎక్కేవాళ్లు. ఆ రోజు దాడి చేసినవాళ్లు చిన్న కత్తులు, బాక్స్ కట్టర్లతోనే విమానాలను లొంగదీసుకున్నారని తేలాక ఆ తలుపు మూసుకుపోయింది. 2013 మార్చిలో అక్కడి రవాణా భద్రతా సంస్థ చిన్న చాకులను మళ్లీ రానిస్తామని, ఏప్రిల్ 25 నుంచి అమలని ప్రకటించింది, అప్పుడు కూడా 6 సెంటీమీటర్ల లోపే. విమానంలో పనిచేసే సిబ్బంది గట్టిగా అడ్డం తిరిగారు, మూసిన కాక్‌పిట్ తలుపు వెనక పైలట్లు భద్రంగానే ఉంటారు, మా సంగతేంటని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ముందు వాయిదా వేశారు, జూన్ కల్లా మొత్తానికే మానుకున్నారు. అయితే ఆ మొదటి ప్రకటన ఇప్పటికీ ఇంటర్నెట్టులో తిరుగుతూనే ఉంటుంది. వాట్సాప్‌లో ఎవరో పంపిస్తారు, తేదీ ఎవరూ చూడరు. మీ పేజీ రాసినవాళ్లకు కూడా అక్కడి నుంచే అందిందేమో అని నా అనుమానం.

స్విట్జర్లాండ్ ఎర్ర చాకు తెలుసు కదా, మన పిల్లలు అమెరికా నుంచి వచ్చేటప్పుడు నాన్నకు అని తెచ్చేది. ఆ విక్టోరినాక్స్ కంపెనీని కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన 1884లో ఇబాక్ అనే ఊళ్లో మొదలుపెట్టాడు, 1891 నుంచి స్విస్ సైన్యానికి చాకులు ఇచ్చారు, 1897లో ఇప్పుడు మనం చూసే రకానికి హక్కులు రాయించుకున్నారు. అంత పాత కంపెనీకి 2001 తర్వాత అమ్మకాలు దెబ్బతిన్నాయి, విమానాశ్రయాల్లోని దుకాణాల్లో అమ్మడానికి లేకుండా పోయింది మరి. 2024లో అయితే బ్లేడే లేని చాకు తయారు చేసే ఆలోచనలో ఉన్నామని కంపెనీ పెద్దలే చెప్పారు. బ్లేడు లేని చాకు! మా ఉలవపాడు మామిడికాయ దానితో ఎట్లా కోయాలో వాళ్లే చెప్పాలి.

ఇదంతా విమానం గుమ్మం దాకా ఉన్న సంగతి. ఇక్కడ పొరపాటు జరిగితే పొయ్యేది చాకు ఒక్కటే. అక్కడున్న డబ్బాలో వేసేసి, మనసులో తిట్టుకుని ముందుకు పోతారు. టైముంటే వెనక్కి వెళ్లి లగేజీ కౌంటర్లో అడగొచ్చు, కానీ చెన్నైలో అర్ధరాత్రి విమానానికి ఆ క్యూలో అంత టైము ఎవరికి ఉంటుంది? అమెరికాలో అట్లా వదిలేసిన వస్తువులను అక్కడి రాష్ట్ర ప్రభుత్వాలు తీసుకుని వేలానికి పెడతాయి, కట్టలు కట్టలుగా స్విస్ చాకులు చవగ్గా అమ్ముడుపోతుంటాయి. కొన్ని ఎయిర్‌పోర్టుల్లో డబ్బు కడితే మన వస్తువును ఇంటికి పోస్టు చేసే ఏర్పాటు కూడా ఉంది. అలాంటిది మన విమానాశ్రయాలన్నిటిలోనూ పెడితే ఎంత బాగుంటుందో. తాత ఇచ్చిన చాకని, పెళ్లికి మామగారు పెట్టిన చాకని కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లుంటారు.

నా అసలు అభ్యంతరం వేరే ఉంది. మీ చిట్కా చదివినవాళ్లకు విమానంలో ఎక్కించుకున్నారు కాబట్టి దిగినచోట కూడా జేబులో పెట్టుకుని తిరగొచ్చు అనిపిస్తుంది. పెద్ద బ్యాగులో వేసి పంపినవాళ్లకు కూడా అదే అనిపిస్తుంది. ఈ రెండూ పూర్తిగా వేరు. సెక్యూరిటీ రూలు విమానం కోసం పెట్టింది, విమానం దిగాక దాని పని అయిపోయింది, అక్కడి నుంచి ఆ దేశం చట్టం మొదలవుతుంది. ఆ చట్టం చాలా చోట్ల పొడవొక్కటే చూడదు, చాకు ఎట్లా తెరుచుకుంటుంది, తెరిచాక బిగుసుకుంటుందా లేదా, ఎందుకు వెంట పెట్టుకున్నావు అని చూస్తుంది. మీ పేజీలో ఈ ముక్క ఒక్కటి కూడా లేదు.

ఇంగ్లండ్ తీసుకోండి. కందుకూరు, ఒంగోలు వైపు నుంచి ఎంతమంది పిల్లలు మాస్టర్స్‌కి పోతున్నారో మీకు తెలుసు. అక్కడ 1988 నాటి చట్టం ప్రకారం, మడిచేసే చాకు, కోసే అంచు 3 అంగుళాలు దాటనిది అయితే కారణం చెప్పకుండా జేబులో పెట్టుకోవచ్చు. వినడానికి ఉదారంగానే ఉంది. కానీ తెరిచాక లాక్ పడే చాకును మడత చాకుగా లెక్కవేయరు, అక్కడి కోర్టులు 1993లోనే తేల్చేశాయి. అంటే 2 అంగుళాల చాకైనా సరే, తెరిచాక బిగుసుకుని, మూయడానికి మళ్లీ ఏదో మీట నొక్కాల్సిన రకమైతే, సరైన కారణం లేకుండా వీధిలో వెంట ఉంచుకోవడం నేరం. నాలుగేళ్ల దాకా జైలు పడొచ్చు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో, బజార్లో దొరికే మడత చాకుల్లో లాక్ లేనివి ఎన్నున్నాయి చెప్పండి. లాక్ ఉంటే వేలు తెగదని మనం దాన్నే మంచిదంటాం, వాళ్లు దాన్నే కూడదంటారు. ఇంకో ముఖ్యమైన మాట, రాత్రిపూట పార్ట్‌టైమ్ పని నుంచి ఒంటరిగా వస్తుంటాను, భయమేసి పెట్టుకున్నాను అని పిల్లవాడు నిజం చెప్పాడనుకోండి, అది సరైన కారణం కిందికి రాదు, పైగా చేజేతులా కేసు బిగించుకున్నట్టే. ఈ సంగతి తల్లిదండ్రులకు తెలియాలి. మా ఆఫీసుకు వచ్చి "సామీ, వాడు అర్ధరాత్రి తిరగతా ఉంటాడు, చిన్న కత్తి ఒకటి పెట్టి పంపిస్తున్నా" అన్న తండ్రిని నేను చూశాను. ఆ రోజు కూర్చోబెట్టి చెప్పాను, ఆయన నమ్మినట్టే ఉన్నాడు.

బటన్ నొక్కితే ఠక్కున తెరుచుకునే చాకులైతే అక్కడ ఇంకా గట్టి. 1959 నుంచే తయారీ, అమ్మకం నిషేధం. 2019 చట్టం వచ్చాక ఇంట్లో బీరువాలో ఉంచుకున్నా నేరమే. హాంకాంగ్‌లో కూడా బటన్ చాకులు, చెయ్యి విదిలిస్తే తెరుచుకునే చాకులు దగ్గర ఉండటమే నేరం. ఆస్ట్రేలియాలో ఇలాంటివి దిగుమతి నిషేధం జాబితాలో ఉన్నాయి, అనుమతి లేకుండా బ్యాగులో తెస్తే కస్టమ్స్ వాళ్లు ఆపేస్తారు. అమెరికాలో 1958 నాటి చట్టం బటన్ చాకుల దిగుమతికి అడ్డం పెట్టింది, ఆ తర్వాత జేబులో పెట్టుకోవడం సంగతి ఒక్కో రాష్ట్రంలో ఒక్కోరకం. టెక్సాస్‌లో అల్లుడు కొనుక్కుని దర్జాగా బెల్టుకు తగిలించుకుని తిరిగే చాకు న్యూయార్క్‌లో ఇబ్బంది తేవచ్చు, తిరుగు ప్రయాణంలో మామగారి బ్యాగులో లండన్‌లో ఒకరాత్రి ఆగితే ఇంకా ఇబ్బంది.

జర్మనీలో ఒంటిచేత్తో తెరుచుకుని లాక్ పడే చాకు, 12 సెంటీమీటర్లు దాటిన మడవని కత్తి సరైన అవసరం లేకుండా వెంట తిప్పకూడదు. జపాన్‌లో కొన్ని మినహాయింపులు తప్ప 6 సెంటీమీటర్లు దాటిన బ్లేడు కారణం లేకుండా దగ్గర పెట్టుకుంటే రెండేళ్ల దాకా జైలు. అంతకన్నా చిన్నది దాచిపెట్టుకుని తిరిగినా చిన్న నేరాల చట్టం కింద పట్టుకోవచ్చు. అంటే మీరు రాసిన అదే 6 సెంటీమీటర్లు ఒకచోట విమానం ఎక్కడానికి అనుమతి, ఇంకోచోట పోలీసు స్టేషన్‌కు గీత.

మధ్యలో దిగే ఊళ్ల సంగతి మీ పేజీలో అసలు లేదు, మా వ్యాపారంలో రోజూ చూసేది మాత్రం ఇదే. చెన్నై నుంచి చివరి ఊరిదాకా ఒకే టికెట్ అయితే పెద్ద బ్యాగుకు చివరి ఊరి ట్యాగు పడుతుంది, దోహాలోనో సింగపూర్‌లోనో అది మన చేతికి రాదు. అమెరికా మాత్రం దీనికి అతీతం, మొదట దిగిన ఊళ్లోనే బ్యాగు తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించాలి. ఆ రెండు నిమిషాల్లో బ్యాగు తెరిచి పండు కోసుకుందామని చాకు జేబులో వేసుకున్నారో, తర్వాతి సెక్యూరిటీలో అది పోయినట్టే. ఇక చవగ్గా వస్తుందని రెండు వేరువేరు టికెట్లు కొన్నవాళ్ల బాధ వేరు. మధ్యలో దిగినచోట బ్యాగు తీసుకుని ఆ దేశంలోకి ప్రవేశించి మళ్లీ కొత్తగా చెక్-ఇన్ చేయాలి. అంటే ఆ కాసేపూ బ్యాగుకు ఆ దేశం చట్టమే. "నేను ఊరికే దాటిపోతున్నానండీ" అంటే వినరు. నా దగ్గర అట్లాంటి టికెట్ తీసుకున్నవాళ్లకు చాకు ఇంట్లో పెట్టి పొమ్మనే చెప్తాను, రెండో మాట లేదు. అక్కడ సూపర్ మార్కెట్లో కూరగాయలు కోసుకునే కత్తి కొనుక్కుంటే పోతుంది, ఇంటికి తెచ్చుకుని వంటింట్లో పెట్టుకుంటే ఎవరూ అడగరు.

గల్ఫ్ పొయ్యేవాళ్లు చాకు కన్నా ఇంకో దానికి భయపడాలి, పనిలో పని ఇక్కడే చెప్తాను. గసగసాలు. మనకు కూరలో మసాలా, దుబాయ్ ఉన్న యూఏఈలో, సౌదీలో మత్తు పదార్థం కింద నిషేధం, సింగపూర్‌లో కూడా తేవద్దంటారు. అమ్మలు ప్రేమతో మసాలా పొట్లంలో కలిపి కట్టేస్తారు, చాకును చూసినట్టు దాన్ని ఎవరూ అనుమానంగా చూడరు. మీరు మళ్లీ పేజీ వేస్తే దీనికి పెద్ద అక్షరాలు వాడండి.

అమ్మలంటే గుర్తొచ్చింది, కత్తిపీట. నవ్వకండి, కూతురి కాన్పుకు పొయ్యే ప్రతి తల్లీ అడిగే ప్రశ్న ఇది, అక్కడి కత్తులతో గోంగూర, చిక్కుడుకాయ తరిగినట్టు ఉండదంటారు. తీసుకుపోవచ్చు. పెద్ద బ్యాగులోనే. మడిచి, అంచుకు మందపాటి అట్ట చుట్టి, దానిపైన పాత లుంగీ చుట్టి గట్టిగా తాడు కట్టాలి, ఎందుకంటే బ్యాగు తెరిచి చూసే ఉద్యోగి చెయ్యి తెగకూడదు. చాకుకైనా ఇదే పద్ధతి. అమెరికా భద్రతా సంస్థ కూడా పదునైన వస్తువులు ఒరలో పెట్టి లేదా చుట్టి ఉంచమనే చెప్తుంది. ఉదయగిరి చెక్క గరిటెలు, చెక్క కత్తులు కూడా మనవాళ్లు ముచ్చటపడి తీసుకుపోతుంటారు. వాటికి సెక్యూరిటీలో పెద్ద గొడవ ఉండదు కానీ ఆస్ట్రేలియా పొయ్యేవాళ్లు దిగేముందు ఇచ్చే కార్డులో చెక్క వస్తువులున్నాయని తప్పనిసరిగా రాయాలి. రాస్తే చూసి, పురుగు లేకపోతే ఇచ్చేస్తారు. రాయకుండా దొరికితే జరిమానా.

విమానం ఒక్కటే సరిహద్దు కాదు. కాశీ, గయ చూసుకుని అట్నుంచి అటే సునౌలి మీదుగా నేపాల్ వెళ్లి పశుపతినాథుణ్ణి, ముక్తినాథ్‌ను చూసి వచ్చే బస్సు యాత్రలు మన జిల్లాల నుంచి ప్రతి ఏడాదీ ఉంటాయి. ఖాట్మండూలో ఖుక్రీ, అదే నేపాలీల వంపు కత్తి, కొనని మగాడు ఉండడు. అది బస్సు సీటు కింద పెట్టుకుని వచ్చేస్తారు, ఎవరూ అడగలేదని ధీమా. మన 1959 ఆయుధాల చట్టంలో సరిహద్దు దాటించి ఆయుధం తేవాలంటే లైసెన్సు కావాలని ఉంది. ఇంటి పనికీ పొలం పనికీ కాని, బ్లేడు 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటిన పదునైన కత్తిని నిబంధనల్లో ఆయుధాల కిందే చూపించారు. గోడకు తగిలించుకునే చిన్న బొమ్మ ఖుక్రీకి ఈ బాధ లేదు, పెద్దది కొనేముందు ఆలోచించాలి. పాత ఖుక్రీ అని, మా తాతల కాలంది అని అమ్మేవాడు చెప్తే ఇంకా జాగ్రత్త, నూరేళ్లు దాటిన వస్తువులు అక్కడి పురావస్తు శాఖ అనుమతి లేకుండా నేపాల్ దాటించకూడదు.

సిక్కులు మతాచారంగా ఒంటిమీద ఉంచుకునే చిన్న కత్తి, కిర్పాణ్ సంగతి కూడా కొందరు వాదనకు తెస్తుంటారు, వాళ్లకు ఇస్తారు మాకెందుకివ్వరు అని. దానికి కూడా కొలత ఉంది, బ్లేడు 6 అంగుళాలు, మొత్తం 9 అంగుళాలు దాటకూడదు, అది కూడా మన దేశంలో దేశం లోపల తిరిగే విమానాల్లో మాత్రమే. సరిహద్దు దాటే విమానంలో వాళ్లకూ లేదు. కాబట్టి ఆ వాదన ఇక్కడ పనికిరాదు.

మా కందుకూరు, పామూరు వైపు పెద్దవాళ్లలో మొలతాడుకు బీరువా తాళంతో పాటు చిన్న చాకు కట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. నిమ్మకాయకు, బస్తా మూతి కుట్టిన తాడుకు, పశువు పలుపుకు, అన్నిటికీ అదే. వాళ్లకు అది ఆయుధం అనే ఊహే ఉండదు. "చెయ్యంత కొడవలి పట్టుకుని బజార్లో నడిస్తే అడగనోళ్లు దీనికి అడగతారా" అంటారు. వాళ్లను తప్పుపట్టలేం. అట్లాంటివాళ్లు మొదటిసారి విమానం ఎక్కేటప్పుడు ఎవరి మాట వింటారు? కొడుకు ఫోన్లో చెప్పేది సగమే వినపడుతుంది, టికెట్ ఇచ్చినవాడు చెప్తే భయపెడుతున్నాడంటారు, పేపర్లో ఉంటే మాత్రం నమ్ముతారు. అందుకే మీ ఒక్క వాక్యానికి ఇంత పెద్ద ఉత్తరం రాయాల్సి వచ్చింది, టెన్షన్ పడేది చివరికి వాళ్లే కదా.

నేను కోరేది రెండు. ఒకటి, ఆ వాక్యాన్ని సవరించండి: మన దేశంలో ఎక్కే విమానంలో ఏ కత్తైనా చేతి సంచిలో కుదరదు, పెద్ద బ్యాగులో చుట్టి పెట్టాలి, దిగే దేశంలోనూ మధ్యలో బ్యాగు చేతికొచ్చే దేశంలోనూ ఆ రకం చాకు జేబులో ఉండొచ్చో లేదో వాళ్ల ప్రభుత్వ వెబ్‌సైట్లో చూసుకోవాలి, లాక్ పడేవి, బటన్ చాకులు అసలు వద్దు. ఇంతే, నాలుగు లైన్లు. రెండు, ఆ సవరణను ఆదివారం అనుబంధంలో మూలన వేయకండి, జిల్లా పేజీలో వేయండి. అనుబంధం మా వైపు పల్లెల్లో సోమవారానికే బజ్జీల పొట్లమవుతుంది, జిల్లా పేజీ మాత్రం టీ కొట్టు దగ్గర చేతులు మారి సాయంత్రం దాకా చదువుతారు.

– టికెట్ బుకింగ్ ఆఫీసు నడుపుకునే ఒక పాఠకుడు, కావలి